మామ్మ అడిగిన మాట

నా చిన్నప్పుడు మా ఇంటికి కొత్తమనిషి ఎవరైనా వస్తున్నారంటే నాకు గుండెల్లో రాయి పడేది. వచ్చేవాళ్లంటే భయమై కాదు. మా మామ్మ వాళ్లని ఒక మాట అడుగుతుంది. ఎవరొచ్చినా అడుగుతుంది, ఎప్పుడూ అదే మాట అడుగుతుంది. అది విన్నాక వాళ్ల ముఖాల్లోకి వచ్చే నవ్వు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ నవ్వు తలుచుకుంటేనే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మాది అరకు లోయలో చిన్న పల్లె. మా నాన్న కొండవాళ్ల ఇంట పుట్టి, మిషను బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని, తిరిగి మా పల్లెలోనే పిల్లలకు చదువు చెప్పేవాడు. మా అమ్మది కొండ కింద శృంగవరపుకోట వైపు ఊరు, అందుకని ఆమె మాట తెలుగు. మామ్మ మా నాన్నను కన్నతల్లి. ఆమెకు మా కొండ భాష తప్ప మరొకటి రాదు. తెలుగులో ఆమె నోట పలికే మాట 'బాబూ' ఒక్కటే.

నాన్నకు ఒక తమ్ముడు ఉండేవాడు. నేను పుట్టకముందు సంతకు ఒక మేస్త్రీ వచ్చి, అస్సాం తేయాకు తోటల్లో పని ఉంది, కడుపునిండా తిండి ఉంది అని చెప్పి కుర్రాళ్లను పోగుచేసుకుని పోయాడట. మా చిన్నాన్న కూడా వాళ్లతో ఘాటీ దారిన కొండ దిగిపోయాడు. చైత్రం పండక్కి వచ్చేస్తానన్నాడు. ఆ పండగ వెళ్లింది, ఆ తర్వాత ఎన్నో పండగలు వెళ్లాయి, అతను మాత్రం రాలేదు. వెళ్లినవాళ్లలో ఒకరిద్దరు తిరిగొచ్చారు గాని, తమది వేరే తోట, తమకేమీ తెలియదన్నారు. అప్పటినుంచి మామ్మకు దూరం నుంచి వచ్చిన మనిషి కనబడితే చాలు, ఎదురెళ్లి నిలబెట్టి, 'నా చిన్నకొడుకు ఎక్కడైనా కనిపించాడా' అని అడగడం అలవాటైపోయింది. ఉప్పు అమ్మేవాళ్లనూ అడిగేది, అటవీ జవాన్లనూ అడిగేది. సంతలో పిల్లలు ఆమె వెనకాలే నడుస్తూ ఆమె గొంతు అనుకరించేవాళ్లు.

నేను పల్లెలోనే ఉండి ఉంటే అదంతా నాకు మామూలుగానే ఉండేదేమో. నాన్న నన్ను విశాఖపట్నంలో మిషను వాళ్ల బోర్డింగు బడిలో వేశాడు. అక్కడ బల్లల మీద కూర్చోవడం, పింగాణీ కంచంలో తినడం, దొరసాని అమ్మగారికి ఇంగ్లీషులో నమస్కారం చెప్పడం నేర్చుకున్నాను. వాటితోపాటు మా ఇల్లంటే చిన్నతనంగా అనుకోవడం కూడా, ఎవరూ నేర్పకుండానే, నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికొస్తే పొగ చూరిన చూరు, మూల కట్టేసిన దూడ, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మామ్మ, అన్నీ కొత్తగా కనబడేవి.

నాకు పదేళ్లో పదకొండేళ్లో ఉన్నప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, ఒకరోజు సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. నాన్న బయటినుంచి ముగ్గురు యువకులను వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురూ తడిసి ముద్దయిపోయి ఉన్నారు. వాళ్లలో ఒకాయన నాన్నకు తెలిసిన మిషను ఆసుపత్రి డాక్టరుగారి తమ్ముడు. స్కాట్లండులో, ఎడింబరోలో డాక్టరు చదువు పూర్తిచేసి ఈమధ్యే తిరిగొచ్చాడు. తక్కిన ఇద్దరూ మద్రాసులో ఉండే ఆయన స్నేహితులు. ఒకాయనకు కళ్లద్దాలు, రెండో ఆయన బాగా పొడుగు. బొర్రా గుహలు చూద్దామని గుర్రాల మీద ఘాటీ ఎక్కి వచ్చి వానలో చిక్కుకుపోయారు.

నేను ముందుకు వెళ్లి, బడిలో నేర్పినట్టు, 'గుడీవినింగ్ సర్' అన్నాను. కళ్లద్దాల ఆయన ఆశ్చర్యపోయి, ఈ కొండ మీద ఇంగ్లీషా అని మెచ్చుకున్నాడు. నాకు నేలమీద కాళ్లు ఆనలేదు. నాన్న మర్నాటికి దారి చూపించే మనుషుల కోసం పక్క పల్లెకు బయలుదేరుతూ, వాళ్లకేం కావాలో కనుక్కోమని, ఇంట్లోవాళ్ల మాట వాళ్లకు చెప్పమని ఆ పని నాకు అప్పగించి వెళ్లాడు. అమ్మ వంటసాలలో పొయ్యి ముందు కూర్చుంది.

మేం చోళ్లనే రాగుల అంబలి, పనసకాయ కూర తింటూ ఆ ఎడింబరోలో చదివొచ్చిన బాబుగారు నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. తను అక్కడ చదువుకునే రోజుల్లో ఈ స్నేహితులిద్దరూ ఓడెక్కి తనను చూడ్డానికి వచ్చారట. వాళ్లకోసం సెలవు పెట్టి దేశమంతా తిప్పి చూపించాడట. లండనులో నేల కింద పరుగెత్తే రైళ్లు, రాజుగారి భవనం ముందు ఎర్రకోట్లు తొడుక్కుని బొమ్మల్లా నిలబడే సిపాయిలు, ఎడింబరోలో ఒకే బండ మీద లేచిన కోట, ఉత్తరాన కొండల నడుమ పొడవాటి చెరువులు, అక్కడినుంచి రాత్రంతా ఓడ ప్రయాణం చేసి ఐర్లండు. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. మా ఇంట్లో కూర్చున్నట్టే లేదు నాకు.

అప్పుడు మూలనుంచి మామ్మ లేచి వచ్చింది. వచ్చి ఆ బాబుగారి ఎదురుగా గొంతుక్కూర్చుంది. నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని, ఆయన మోకాలి మీద వేసి, 'బాబూ' అని మొదలుపెట్టింది. తర్వాత మా భాషలో అడిగింది. ఆయన అర్థంకాక నావైపు చూశాడు. మామ్మ కూడా నావైపు చూసింది, చెప్పమని.

నా నోరు పెగల్లేదు. అప్పటిదాకా నన్ను మెచ్చుకున్న మనుషులు ఇప్పుడు నవ్వుతారు. అస్సాం ఎక్కడ, లండను ఎక్కడ. ఈ ముసలమ్మకు ఇంత కూడా తెలియదా అనుకుంటారు, ఈ పిల్ల దీని మనవరాలా అనుకుంటారు. తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడ్డాను. మామ్మ వేలితో నా పిక్క మీద పొడిచి, మళ్లీ అదే మాట, ఇంకాస్త నెమ్మదిగా, నాకే అర్థం కాలేదేమో అన్నట్టు చెప్పింది. వంటసాలలోంచి అమ్మ గొంతు వినబడింది.

"ఏటే గుంటా, మామ్మ ఏటో అడుగుతంది కదా. బాబుకి బేగి సెప్పవేటి?"

నేను తల ఇంకా వంచుకున్నాను. పొడుగాయన, ముసలమ్మకు కప్పుకోవడానికి దుప్పటి కావాలేమో అన్నాడు. బాబుగారు మాత్రం మామ్మ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. చేతిలోని గిన్నె కింద పెట్టి, ఇందాక ఆపిన చోటునుంచే, ఐర్లండు సంగతి, మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి నాతోనే చెప్పాడు.

అక్కడ పడమటి ఒడ్డున సముద్రంలోకి గోడలా దిగే కొండలు ఉంటాయట. అవి చూడ్డానికి ముగ్గురూ గుర్రపు బండిలో వెళుతుంటే ఇలాగే వాన పట్టుకుంది. దారిపక్క ఒక ఇంట్లోకి దూరారు. గడ్డి కప్పు, మట్టి నేల, లోపలే కోళ్లు. చిత్తడి నేలను ఇటుకల్లా కోసి ఎండబెట్టి, దాన్నే పొయ్యిలో వేసి కాల్చుకుంటున్నారు. ఇల్లంతా పొగ. ఒక ముసలామె, ఆమె మనవరాలు, ఇద్దరికీ కాళ్లకు జోళ్లు లేవు. దొరల దేశంలో ఇలాంటి ఇల్లు ఉంటుందని తను అనుకోలేదన్నాడు. ముసలామెకు ఇంగ్లీషు రాదు, వాళ్ల భాష వేరే. ఉడికించిన ఆలుగడ్డలు, మజ్జిగ పెట్టింది. వీళ్లు హిందూదేశం నుంచి వచ్చారని మనవరాలు చెప్పగానే ఆమె లేచి దగ్గరికొచ్చి, తన భాషలో ఏదో అడిగింది. ఆ పిల్ల చెప్పలేదు. ముఖం ఎర్రగా కందిపోయింది. ముసలామె పట్టుబట్టి మళ్లీ మళ్లీ అడిగితే, చివరికి గోడవైపు తిరిగి చెప్పింది. వాళ్లమ్మమ్మ కొడుకు పటాలంలో చేరి హిందూదేశం వెళ్లాడట. చాలా ఏళ్లుగా కబురు లేదట. మీ దేశంలో అతను మీకెక్కడైనా కనబడ్డాడా అని అడుగుతోందట.

అంతవరకూ చెప్పి బాబుగారు ఆగాడు. కళ్లద్దాల ఆయన తల వంచుకుని కంచంలోకి చూస్తున్నాడు.

"మేం నవ్వాం," అన్నాడు బాబుగారు. "మా దేశం చాలా పెద్దదమ్మా అని చెప్పాం. ఆమె తలూపి మా చేతుల్లో ఇంకో ఆలుగడ్డ పెట్టింది. వాన తగ్గాక వెళ్లి ఆ కొండలూ సముద్రమూ చూశాం. అవి ఎలా ఉన్నాయో ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. ఆ పిల్ల ముఖం మాత్రం గుర్తుంది. ఆ కొడుకు పేరేమిటని కూడా మేం అడగలేదు."

ఆయన మామ్మ ఏమంటోందో చెప్పమని నన్ను తొందరపెట్టలేదు. కింద పెట్టిన గిన్నె తీసుకుని మళ్లీ తినసాగాడు. చివరికి నా గొంతు నాకే వినబడనంత చిన్నగా చెప్పాను.

"మా సిన్నాన్న అస్సాం ఎల్లిపోనాడు బాబుగారూ. మళ్లీ రానేదు. మీరు సముద్రాలు దాటి తిరిగినారు కదా, ఏడైనా కనిపించినాడా అని అడుగుతంది మా మామ్మ."

బోర్డింగులో నేర్చుకున్న చక్కని తెలుగు ఆ క్షణాన ఒక్క ముక్కా నా నోటికి రాలేదు. ఎవరూ నవ్వలేదు. బాబుగారు మామ్మవైపు తిరిగి, ఆమె చెయ్యి అలాగే తన మోకాలి మీద ఉండనిచ్చి, అతని పేరేమిటి అని అడిగాడు. నేను మామ్మకు చెప్పాను. ఇన్నేళ్లలో ఆమె ఎందరినో అడిగింది గాని, తిరిగి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన దగ్గరికి ఇంకాస్త జరిగి పేరు చెప్పింది. ఎత్తా, పొట్టా అని ఆయన అడిగాడు. మా నాన్న భుజందాకా వస్తాడంది. గుర్తులేమైనా ఉన్నాయా అంటే, పసితనంలో పొయ్యిలో చెయ్యి పెట్టుకుంటే ఎడమ మణికట్టు దగ్గర తోలు ముడుచుకుపోయిందని, తన మణికట్టు పట్టుకుని చూపించింది. తర్వాత అడగకుండానే చెప్పుకుపోయింది. ఉరుమంటే భయమట. పెద్దవాడయ్యాక కూడా ఉరిమితే లేచొచ్చి అమ్మ పక్కన పడుకునేవాడట. పిల్లనగ్రోవి వాయిస్తే మేకలు వినేవి గాని మనుషులు వినలేకపోయేవాళ్లట. ఆ మాట చెబుతూ మామ్మ నవ్వింది. అది తెలుగులో చెబుతూ నేనూ నవ్వాను. మా చిన్నాన్న ఎలాంటివాడో నాకు అంతవరకూ తెలియనే తెలియదు. నేనూ ఎప్పుడూ అడగలేదు మరి.

అంతా విన్నాక బాబుగారు అన్న మాట నేను మామ్మకు చెప్పవలసి వచ్చింది. అది మాత్రం తడబడకుండా చెప్పాను.

"ఇంతవరకూ నేనతన్ని చూడలేదమ్మా. ఇకమీదట కనబడితే గుర్తుపడతాను."

మామ్మ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసి, తలూపి, చుట్ట తీసుకుని తన మూలకు వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న వాళ్లు బొర్రా దారి పట్టారు. మామ్మ ఊరి మలుపుదాకా వెళ్లి సాగనంపింది. కళ్లద్దాల ఆయన గుర్రం ఎక్కేముందు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

మా చిన్నాన్న రాలేదు. ఆ బాబుగారిని కూడా మళ్లీ నేను చూడలేదు. మామ్మ పోయేదాకా వచ్చేపోయేవాళ్లను అడుగుతూనే ఉంది. అయితే ఆ తర్వాత సెలవుల్లో సంతకు వెళ్లినప్పుడల్లా ఆమె చెయ్యి నేను పట్టుకునేదాన్ని. ఆమె 'బాబూ' అనగానే తక్కింది నేను అందుకునేదాన్ని, పేరు, ఎత్తు, ఎడమ మణికట్టు. నవ్వేవాళ్లు అప్పుడూ నవ్వేవాళ్లు. కొందరు ఆగి, నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించేవాళ్లు.

పెద్దయ్యాక నేను ఆసుపత్రిలో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. పల్లెల నుంచి వచ్చిన తల్లులు మందు సీసా తీసుకుని వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగేవారు. బర్మాలోని రంగం వెళ్లిన కొడుకో, తేయాకు తోటలకు వెళ్లిన అల్లుడో, నాకేమైనా తెలుస్తుందేమోనని అడిగేవారు. నాకేం తెలుస్తుంది. అయినా చేతిలో పని పక్కనపెట్టి ముందు పేరు అడిగేదాన్ని, తర్వాత పోలికలు. ఇప్పుడు కళ్లు సరిగ్గా కనబడని ఈ వయసులో కూడా ఆ పేర్లు కొన్ని నాకు నోటికి వచ్చు.

మామ్మను చూసి నేను పడ్డ సిగ్గు ఆ వాన సాయంత్రమే పోయింది. ఆమె నన్ను పొడుస్తున్నా పెదవి విప్పకుండా నిలబడ్డందుకు కలిగిన సిగ్గు మాత్రం ఇన్నేళ్లయినా పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు. ఎవరైనా నవ్వొచ్చే మాట అడిగినప్పుడు నా పెదవుల దాకా వచ్చిన నవ్వును ఆపేది అదే.