మద్దయ్య క్లచ్ వైరు

మా మద్దయ్య గురించి చెప్పాల్సింది ఒక్కటే. ఏ మోటార్ సైకిల్ పందెంలో దిగినా చివర వస్తాడు. ఏదో ఒకసారి ఖర్మ కాలి రావడం కాదు, ఎప్పుడూ అంతే. మా ఊళ్లో మొదటి స్థానానికి ఎంత కొట్లాట ఉన్నా చివరి స్థానానికి మాత్రం ఎవరూ భయపడరు. అది మద్దయ్య సొంత ఆస్తి.

మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య, రోడ్డు పక్కనే. పత్తి ఏరేసి, కట్టె పీకేసిన తర్వాత దేవేంద్రప్ప నల్లరేగడి చేను ఖాళీగా పడి ఉంటుంది. ఉగాది అయ్యాక ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన వదిలాక, కుర్రాళ్లంతా బండ్లు తీసుకుని ఆ చేనికి చేరతారు. చేను గట్టు మీద నుంచి బండిబాట పట్టి, ఎండిన వంకలోకి, అంటే మా ఊరి వాగులోకి దిగి, ఆవలి గుండురాయి చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. అట్లా మూడు చుట్లు. గెలిచినవాడికి దేవేంద్రప్ప ఎమ్మిగనూరు నేత దుప్పటి కప్పుతాడు. ఎండాకాలంలో దుప్పటి ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నా పేరు బజారి. నాకు రోడ్డు మీద బండ్ల సామాన్ల అంగడి ఉంది. నాకు పందెం అంటే చిన్నచూపేమీ లేదు. కుర్రాళ్లు పడితేనే కదా నా పిల్లల ఫీజులు కట్టేది! కానీ మద్దయ్య వల్ల నాకు ఎప్పుడూ పైసా లాభం లేదు. ప్రతి పందెంలోనూ అందరూ వచ్చి, మంచినీళ్లు తాగి, దుప్పటి కప్పించుకుని, ఫోటోలు కూడా తీసుకున్నాక, ఒళ్లంతా దుమ్ముతో మద్దయ్య వస్తాడు.

"ఏమైందప్పా మద్దయ్యా?"

"క్లచ్ వైరు తెగిపాయె."

"పోయినేడు కూడా అదే తెగిందంటివే?"

"అది పాత వైరు. ఇది కొత్తది."

అంటాడు గానీ ఇన్నేళ్లలో నా అంగట్లో ఒక్క క్లచ్ వైరు కొన్న పాపాన పోలేదు. కొనేది మిగతా కుర్రాళ్లు. పందెం అయిన మరునాడు పొద్దున్నే ఒక్కొక్కడూ అటూ ఇటూ చూసుకుంటూ వస్తాడు. క్లచ్ లీవరు కావాలంటాడు. ఎట్లా విరిగిందిరా అంటే, "మా దూడ తోసేసిందన్నా" అంటాడు. మా ఊరి దూడలకు బండ్ల మీద అంత పగ ఎందుకో నాకు చాలా కాలం అర్థం కాలేదు.

ఇంత చివరి మనిషికి బండంటే మాత్రం ప్రాణం. ఆదోనిలో పత్తి మిల్లులో పని. పొద్దున్నే కొండల మీద ఎండ పడకముందే బయలుదేరతాడు. ఒకసారి నన్నూ వెనక ఎక్కించుకున్నాడు. చల్లగాలి ముఖానికి తగులుతుంటే, దారి పక్క జొన్న చేలు ఊగుతుంటే, ఆయన హెల్మెట్‌లోంచి ఏదో పాట. "బజారీ, బస్సులో పోయేటోళ్లు ఊరికి పోతారప్పా. మనం దారంతా పోతాం" అన్నాడు. సాయంత్రం జుట్టునిండా పత్తి పోగులతో తిరిగొచ్చి, ముందు బండికి స్నానం చేయించి తర్వాత తను చేస్తాడు. భార్య సుగుణమ్మ పాత చీర బండికి కప్పుతాడు. "నాకు కట్టుకోను లేకపోయినా దానికి కప్పుకోను ఉంది" అని ఆమె అందరికీ చెబుతుంది.

ఆ సుగుణమ్మే ఈసారి ఊరందరి ముందూ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"ఏటేటా పందెమని పోతాడు. ఆ పొద్దు నా గుండె నా కాడ ఉండదు. పోనీ గెలుస్తాడా అంటే అదీ లేదు. కాళ్లు విరగ్గొట్టుకునే పని చేసి కూడా కడాకు వచ్చేటోడు ఈయనొక్కడే. ఈసారి గూడా కడాకు వస్తే బండి మా కళ్యాణ్‌కి ఇచ్చేస్తా. ఈయన బస్సులో పోయి మిల్లులో పని సేసుకుంటాడు."

కళ్యాణ్ ఆమె తమ్ముడు. ఇరవై ఏళ్లు దాటినా మీసం ఇంకా ఆలోచనలోనే ఉంది. బావ బండి మీద చిన్నప్పటి నుంచీ కన్ను. పైగా వాడూ ఈసారి స్నేహితుడి బండి తెచ్చుకుని పందెంలో దిగుతున్నాడు. అంటే బావ చివర వచ్చేట్టు చూసుకుంటే చాలు, బండి వాడిది. సుగుణమ్మ మాట ఇస్తే రాయి మీద గీత.

ఆ రాత్రి మద్దయ్య నా అంగడికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. "బజారీ, నేను గెలవాల్నప్పా" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. మనిషి నిజంగా భయపడుతున్నాడు.

నేనే ప్లగ్గు మార్చి, చైను బిగించి, గాలి చూశాను. క్లచ్ వైరు పట్టి లాగి చూశాను. ఇనుప కడ్డీలా ఉంది. "ఇది తెగాలంటే ఏనుగు రావాల" అన్నాను. ఆయన చూపు తిప్పేసుకున్నాడు.

పోయినేడు ఎవడో గుండు చుట్టూ తిరక్కుండా అడ్డదారిన వచ్చాడని గొడవైంది. అందుకని ఈసారి దేవేంద్రప్ప నన్ను గుండు మీద కావలి నిలబెట్టాడు. చేతికి ఎర్రగుడ్డ ఇచ్చాడు. అంతవరకూ నేను ఎప్పుడూ గెలుపు గీత దగ్గరే నిలబడ్డాను. అక్కడికి వంక కనపడదు. గుండు మీద నుంచి వంకా, గీతా రెండూ కనపడతాయి.

జెండా ఊపారు. బండ్లన్నీ ఒక్కసారిగా మొరిగాయి. నల్లమట్టి గోడలా లేచింది. మొదటి చుట్టు ఈరేష్ ముందు. వాడు పోయినేడు దుప్పటి గెలిచినవాడు. వాడి వెనక కళ్యాణ్. మద్దయ్య నడిమధ్యన.

రెండో చుట్టులో నా కళ్లు నేనే నమ్మలేదు. మద్దయ్య వంకలోకి దిగేటప్పుడు అందరూ బ్రేకు కొట్టే చోట ఆయన కొట్టలేదు. ఇసుకలో వెనక చక్రం తోకలా ఊగింది. పడ్డాడనుకున్నాను. కాలు ఆనించి, బండిని లేపి, ఈరేష్ పక్కనుంచి పైకి ఎక్కేశాడు. ఇంత బాగా నడిపే మనిషి ఇన్నేళ్లూ చివర ఎట్లా వచ్చాడు? ముఖం మీద దుమ్ము లేకుండా మద్దయ్యను పందెంలో చూడటం అదే మొదటిసారి.

"పో అన్నా! పో!" అని అరుస్తూ గుండు మీద గంతులేశాను. కావలివాడు పక్షపాతం చూపకూడదన్న సంగతి గుర్తే లేదు.

మూడో చుట్టు. గుండు తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు మద్దయ్య ముందు, వెనకే కళ్యాణ్. వాడికి బావ బండి కళ్ల ముందే పోతోంది. వంక మలుపులో ఇసుక మెత్తగా ఉన్న లోపలి వైపు నుంచి దాటబోయాడు. ముందు చక్రం ఇసుకలో దిగబడింది. బండి గాల్లో అడ్డంగా తిరిగి, గట్టు దాటి, ఎండిన కంపచెట్ల మధ్య పడింది. వాడు కింద, బండి పైన.

వెనక వచ్చేవాళ్లకు దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. ఈరేష్ దూసుకుపోయాడు. మిగతావాళ్లూ పోయారు. కంపల మధ్య ఇంజను ఇంకా అరుస్తూనే ఉంది. నేను ఎర్రగుడ్డ ఊపుతూ కేకలు వేశాను గానీ ఆ మోతలో ఎవరికి వినపడుతుంది?

మద్దయ్య అప్పటికే చేను వైపు గట్టు ఎక్కేశాడు. ఇక ముందుంది తిన్నని బాట. అక్కడినుంచి గెలుపు గీత కళ్లెదురుగానే. గీత దగ్గర సుగుణమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడు ముందు రావడం ఆమెకూ కొత్తే.

అప్పుడు మద్దయ్య బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగి చూశాడు.

బండ్లు తనను దాటుతుంటే ఒక్కొక్కదాన్నీ చూశాడు. ఈరేష్ పోయాడు, వాడి వెనకోడు పోయాడు. కళ్యాణ్ రాలేదు. అంతే. బండిని గట్టు మీదే గిరుక్కున తిప్పి వంకలోకి దూకించాడు.

నేను గుండు దిగి పరుగెత్తేసరికి ఆయన కంపల్లో ఉన్నాడు. కళ్యాణ్ కాలు బండి కింద ఇరుక్కుంది. ట్యాంకు మూత ఊడి పెట్రోలు బొట్లుబొట్లుగా ఎండుటాకుల మీద పడుతోంది. వేడెక్కిన సైలెన్సర్ ఆ ఆకులకు జానెడు దూరంలో ఉంది.

"బండి లేపుదాం!" అని వంగబోయాను.

"తాకొద్దు! ముందు ఇసుక యెయ్యి!"

ఆయన తాళం తిప్పి ఇంజను ఆపాడు. పెట్రోలు ట్యాపు మూశాడు. ఇద్దరం దోసిళ్లతో ఇసుక తోడి ఆకుల మీద పోశాం. చేతులకు ముళ్లు దిగుతున్నా తెలియలేదు. ఆ తర్వాతే బండిని లేపి నిలబెట్టాం. కళ్యాణ్ చీలమండ అప్పటికే ఉబ్బిపోయింది.

వాడు నొప్పికి ఏడవలేదు. మా ఇద్దరినీ చూసి ఏడ్చాడు. "బావా, నేను పడినానని ఎవురికీ సెప్పొద్దు బావా."

"నువ్వు యాడ పడినావురా? నీ బండి ఆగిపాయె. నా క్లచ్ వైరు తెగిపాయె. అంతే గదా?"

ఎంత అలవాటుగా అన్నాడో ఆ మాట! అప్పుడు నాకు తెలిసింది. ఏటేటా ఈ వంకలో ఎవడో ఒకడు పడుతూనే ఉన్నాడు. మద్దయ్య వాణ్ని లేపి, దుమ్ము దులిపి, బండి స్టార్ట్ చేసి ముందుకు పంపి, వాడి వెనక తను చివరగా వచ్చాడు. పడినవాడి పరువు కోసం తన వైరు తెంపుకున్నాడు. మా ఊరి దూడలు పాపం ఏ తప్పూ చేయలేదు.

"ఇన్నేండ్లూ ఇదేనా నువ్వు సేసింది?" అన్నాను.

"గమ్మునుండు బజారీ. పిలగాని కాలు పట్టుకో."

కళ్యాణ్‌ను వెనక ఎక్కించుకుని నెమ్మదిగా బయలుదేరాడు. నేను పక్కనే పరుగు. గీత దగ్గరికి వచ్చేసరికి ఈరేష్ భుజం మీద దుప్పటి ఉంది. జనం నవ్వబోయి కళ్యాణ్ కాలు చూసి ఆగిపోయారు.

సుగుణమ్మ ముందుకొచ్చింది. తమ్ముడి చినిగిన ప్యాంటు చూసింది, కంప గీతలు చూసింది, మొగుడి చేతుల నెత్తురు చూసింది.

"ఏమాయె?" అంది.

"క్లచ్ వైరు..." అన్నాడు మద్దయ్య నేల చూస్తూ.

ఆమె బండి దగ్గరికి వెళ్లి క్లచ్ లీవరు పట్టి నొక్కింది. వదిలింది. మళ్లీ నొక్కింది. టక్కు టక్కుమని పలికింది.

అప్పుడు ఈరేష్ భుజం మీది దుప్పటి తీసి చేతిలో నలుపుతూ, "అక్కా, పోయినేడు నా లీవరు ఇరిగింది గదా, అది మా దూడ తోసింది గాదక్కా" అన్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు చెప్పుల వంక చూసుకున్నారు. సుగుణమ్మ వాళ్లందరినీ ఒక్కొక్కరిగా చూసింది. ఆమె కళ్లు తడి అయ్యాయి గానీ గొంతు మాత్రం తగ్గలేదు.

"మాట మాటే" అని బండి తాళం తీసి కళ్యాణ్ చేతిలో పెట్టింది. "తీసుకో. బండి నీదే. కిక్కు కొట్టు."

కళ్యాణ్ తాళం వంక చూశాడు. గుమ్మడికాయలా ఉన్న తన కాలు వంక చూశాడు. "ఈ కాలితో యాడ కొట్టేదక్కా?"

"అట్లనా? అయితే కాలు బాగయ్యేదాకా మీ బావ కాడ ఉండనీ" అని తాళం లాక్కుని మొగుడి జేబులో వేసింది. "ఆస్పత్రికి పోదాం పదండి. మెల్లగా నడపు. ఇప్పుడు గూడా వైరు తెగిందంటే ఊరుకోను."

వానలు పడి పత్తి విత్తే నాటికి కళ్యాణ్ కాలి కట్టు విప్పేశారు. డాక్టరు పరుగెత్తమన్నా పరుగెత్తుతాడు. కానీ ఎదురుగా అక్క కనపడితే చాలు, కుంటుతాడు. ఒక్కోసారి తొందరలో ఏ కాలో మర్చిపోయి రెండో కాలితో కుంటుతాడు. "ఇంగా తగ్గలేదారా?" అంటుంది సుగుణమ్మ. "ఇంగా కిక్కు కొట్టలేనక్కా" అంటాడు వాడు. ఆమె నవ్వు ఆపుకుని లోపలికి పోతుంది. బండి మీద ఇప్పుడు కొంచెం మంచి చీరే కప్పుతున్నారు.

మళ్లీ ఉగాది వచ్చింది. పందెం ముందు రోజు సుగుణమ్మ మా అంగడికి వచ్చింది.

"బజారన్నా, నీ కాడ క్లచ్ వైరు ఉందా?"

"మద్దయ్య వైరు బంగారం మాదిరి ఉందమ్మా. ఏంటికి దండగ?"

"కొత్తది గాదన్నా. తెగిపోయింది కావాల. నీ సెత్త డబ్బాలో ఉంటాది సూడు."

"తెగింది ఏం సేసుకుంటావమ్మా?"

"ఆయప్ప జోబులో పెట్టి పంపిస్తా. వట్టి సేతులు సూపించి తెగింది తెగింది అంటే ఎవురు నమ్ముతారు?"

నేను నవ్వుతూనే డబ్బా తిరగేసి ఒకటి తీసిచ్చాను. ఆమె దాన్ని చుట్ట చుట్టి చెంగున ముడేసుకుంది. మెట్టు దిగబోయి ఆగింది.

"ఇంగొకటి గూడా ఇయ్యన్నా. ఈసారి ఎమ్మిగనూరు నుంచి కొత్త పిల్లోళ్లు వస్తాండారంట."