మన్ను లేస్తే ఆగే ఆట

ముందు ఒక తప్పు సరిచేయాలి. మంగళవారం సాయంత్రం నుంచి మీలో చాలామంది ఫోన్ చేసి, గేటు దగ్గర నిలబడి, "క్రికెట్ టీచరమ్మ పోయిందంట గదా" అని నన్ను పరామర్శించారు. పోయిన మాట నిజం. క్రికెట్ మాట అబద్ధం. మా ఆడపడుచు మన కోరమండల్ గని కాలనీ ఆడపిల్లలకు నేర్పింది సాఫ్ట్‌బాల్. ఇన్నేళ్లూ ఆ గ్రౌండ్ అంచునే పాలకూ రేషనుకూ నడిచిన మీరు, ఈ కాలనీ పత్రికలోనైనా ఆ పేరు ఒకసారి సరిగ్గా చదువుకుంటారని రాస్తున్నాను.

తెలియనివారికి రెండు మాటలు. బంతి క్రికెట్ బంతి కన్నా పెద్దది. కొట్టినమ్మాయి ఎదురుగా పరిగెత్తి వెనక్కి రాదు. మూడు బేసులు చుట్టి, కొట్టిన చోటికే చేరాలి. జట్టుకు తొమ్మిది మంది ఉండాలి. ఈ తొమ్మిదిని గుర్తుంచుకోండి, చివర్లో మీతో పని ఉంది.

ఆమె మా వారి చెల్లెలు. స్కూల్లో పీటీ టీచరుగా రిటైరయి మా ఇంట్లోనే ఉండేది. మంగళవారం మధ్యాహ్నం వసారాలో కూర్చుని గ్లవ్‌లకు కొబ్బరినూనె పట్టిస్తోంది. నేను లోపల రాగిముద్ద కెలుకుతున్నాను.

"వదినా, ఎండు గుడ్డ ఏదన్నా ఉంటే తెచ్చియ్యి" అంది.

"నీకు రెండు కాళ్లుండాయి గదా" అన్నాను. అంటూనే తీసుకెళ్లాను. అప్పటికే ఆమె తల గోడకు ఆని ఉంది. ఒళ్లో గ్లవ్ సగం నూనెతో నల్లగా, సగం పొడిబారి తెల్లగా ఉంది. డాక్టరు వచ్చి చూసి, గుండె అని చెప్పి వెళ్లాడు. నాకు ఏమీ అనిపించలేదు. అనిపించాలి కదా అని కాసేపు పక్కనే కూర్చున్నాను. తర్వాత ఆ గ్లవ్‌లో మిగిలిన సగానికి నూనె పట్టించాను. ముద్ద అడుగంటింది. గిన్నె నానబెట్టాను. ఆ రోజు నేను చేసిన పనులు అవే.

నేను బైరకూరు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమె లంగా దోపుకుని గ్రౌండ్‌లో ఉంది. బీఏ చదివిన వదిన వస్తోందని ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడితే, ఆడపడుచు మాత్రం ఆట అయ్యాక వచ్చింది. మోచేతి మీద రక్తం. "వదినా, నువ్వు బాగా పరిగెత్తుతావా?" అని అడిగింది. నన్ను మొదటగా అడిగిన మాట అదే. "నేను నడుస్తాను" అన్నాను. ఆ మాటను ఆమె మరిచిపోలేదు. ఆటలో ఎవరైనా మెల్లగా కదిలితే, "ఏమే, మా వదిన దగ్గర నేర్చుకున్నావా?" అనేది.

అప్పట్లో బంగారు గని నడిచేది. గని కార్మికుల ఒక్కో లైన్ ఇళ్లకు ఒక్కో జట్టు ఉండేది. మీ నాన్నలు షిఫ్టు దిగి, లాంతర్లు అప్పగించి, నేరుగా గ్రౌండ్ గట్టు మీదికొచ్చి కూర్చునేవారు. బేసుల కోసం గని నుంచి వచ్చిన పాత రబ్బరు బెల్టును నలుచదరంగా కోసిచ్చింది కూడా వాళ్లే. ఆ ముక్కలు ఇప్పటికీ అవే. ఆయుధపూజ నాడు ఆమె వాటిని కడిగి, బ్యాట్లకూ బంతులకూ పసుపు కుంకుమ పెట్టేది. ఆ తర్వాత వారం రోజులు బంతి పట్టిన ప్రతి పిల్లకూ అరచేతులు ఎర్రగా ఉండేవి.

సాయంత్రాలు చీర కింద కాన్వాస్ బూట్లు, నడుముకు విజిల్. కేకలు వేసేది కాదు. ఔటయిన పిల్ల ముఖం మాడ్చుకుంటే, "ముందు నీళ్లు తాగల్ల, తర్వాత ఏడవల్ల" అనేది. నీళ్లు తాగాక ఏడ్చిన పిల్లను నేను చూడలేదు.

మన గ్రౌండ్‌లో ఒక రూలు ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు. బంగారం తీశాక మిగిలిన మన్ను పోసిన సైనైడ్ దిబ్బ మీది నుంచి గాలి లేచి తెల్లటి పొడి మన్ను ఇటు మళ్లితే, ఎవరో ఒకరు "మన్నొచ్చె!" అని అరుస్తారు. అంతే, ఎవరు ఎక్కడుంటే అక్కడ దిబ్బకు వీపు తిప్పి, కూర్చుని, ముఖానికి తువ్వాలు కప్పుకోవాలి. రెండు బేసుల మధ్య పరిగెత్తే పిల్లయినా సరే, అక్కడే కూర్చుంటుంది. అప్పుడు ఎవరూ ఆమెను ఔటు చేయకూడదు. గాలి తగ్గాక టీచర్ చప్పట్లు కొడితే, ఆగిన చోటి నుంచి ఆట. మనకిది ఊపిరి తీసుకున్నంత మామూలు.

ఒకసారి బెంగుళూరులో పోటీకి తీసుకెళ్లింది. నేను కాపలాకు వెళ్లాను. మనవాళ్లు గెలుస్తున్నారు. ఇంతలో గాలి లేచి పక్క రోడ్డు దుమ్ము గ్రౌండ్ మీద పడింది. "మన్నొచ్చె!" అని మన పిల్ల ఒకతె అరిచింది. మన తొమ్మిది మందీ టక్కున తిరిగి కూర్చున్నారు. బంతి ఒకమ్మాయి గ్లవ్‌లోనే ఉంది. అవతలి జట్టు అమ్మాయిలు ఒకరి వెనుక ఒకరు తీరిగ్గా చుట్టి వచ్చేశారు. అంపైర్ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. మనం ఓడిపోయాం.

బస్సులో పిల్లలందరూ ఏడుపు. మా ఆడపడుచు సీటు పట్టుకుని లేచి నిలబడింది.

"ఎందుకే ఏడుస్తారు? కండ్లల్లో మన్ను పడ్నాదా?"

"లేదు టీచర్."

"ఇంగేం మరి? వాళ్ల కండ్లు చూసినారా, ఎర్రగా మిరపకాయల మాదిరి. ముళబాగిల్లో బస్సు ఆగతాది, ఇడ్లీ తిందాం."

బస్సు ముళబాగిలు మీదుగా రాదని పిల్లలకు తెలుసు, ఆమెకూ తెలుసు. దారిలో ఇంకో చోట ఇడ్లీ తిన్నాం.

గని మూతపడ్డాక లైన్లు ఖాళీ అవుతూ వచ్చాయి. ఉన్నవాళ్లు తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కుతున్నారు. పిల్లలకు ట్యూషన్లు. జట్లు నాలుగు నుంచి రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. ఈ రెండు మూడేళ్లుగా ఆమె ప్రతి జూన్‌లో ఇంటింటికీ వెళ్లి ఆడపిల్లలను అడిగేది. నేను తోడుగా వెళ్లేదాన్ని. కిందటి నెల ఒక ఇంట్లో తల్లి ఇలా అంది.

"ఆటకు సర్టిఫికెట్ ఇస్తారా అక్కా?"

"గెలిస్తే ఇస్తారమ్మా."

"ట్యూషన్ ఉండాది. అదీగాక ఎండకు నల్లబడతాది పిల్ల."

నేను ఊరుకోలేకపోయాను. "నల్లబడితే ఏమమ్మా? మీ ఆయనేమన్నా పాలరాయా?" అన్నాను.

మా ఆడపడుచు నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "వదినా, నువ్వు నోరు తెరిస్తే ఉండే పిల్లలూ పోతారు. సుమ్నే, ఊరికే గేటు దగ్గర నిలబడు." ఆ పిల్ల రాలేదు. తప్పు నాదా, ట్యూషన్‌దా అని దారంతా వాదించుకున్నాం. ట్యూషన్‌దే అని ఇప్పటికీ అంటాను. ఎదురు వాదించడానికి మనిషి లేదు.

ఇప్పుడు జట్టులో ఏడుగురున్నారు. అందులో ఒకతె నా మనవరాలు, క్యాచర్. చుట్టుపక్కల మనతో ఆడే జట్టు ముళబాగిలు వాళ్లది ఒక్కటే. ఈ ఆదివారం మన గ్రౌండ్‌లో మ్యాచ్ అని మా ఆడపడుచే వాళ్లను ఒప్పించింది. బుధవారం ముళబాగిలు టీచరు పరామర్శకు వచ్చి మెల్లగా చెప్పింది: "అమ్మా, మీవాళ్లు తొమ్మిది మంది దిగకపోతే మేమూ ఆపేస్తాం. ఆడేదానికి ఎదురు జట్టు యాడ ఉండాది మాకు?" ఆమె వెళ్లాక మనవరాలు అడిగింది.

"అవ్వా, ఆదివారం ఉంటాదా?"

"చూస్తాం" అన్నాను.

"టీచరయితే ఉంటాది అంటుండె."

నేను ఈ కాగితం తీసుకుని రాయడానికి కూర్చున్నాను.

అంత్యక్రియల నాటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. దింపుడు కళ్లానికి పాడెను గ్రౌండ్ అంచునే దించారు. ఆడవాళ్లం అంతవరకే. పెద్ద మనిషి ఒకాయన ఆమె చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆషాఢం గాలి కదా, దిబ్బ మీది నుంచి తెల్లగా లేచింది. "మన్నొచ్చె!" అన్నది ఎవరో, నా మనవరాలే అనుకుంటాను. ఆ ఏడుగురూ తిరిగి కూర్చున్నారు. ఒకప్పుడు ఆడి, ఇప్పుడు తల్లులైనవాళ్లు కూర్చున్నారు. పాడె మోసినవాళ్లలో ఇద్దరి అక్కలు ఈ గ్రౌండ్‌లోనే ఆడారు. ఆ ఇద్దరూ కూర్చున్నారు, వాళ్లను చూసి మిగతావాళ్లూ. డప్పు ఆగింది. పిలుస్తున్న పెద్ద మనిషి కూడా కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ కూర్చున్నాను, మోకాళ్లు ఒప్పుకోకపోయినా. వీధి మొత్తం దిబ్బకు వీపు తిప్పింది. ఆమె ఒక్కతే తిరగలేదు. గాలి తగ్గాక అందరం అలాగే ఉండిపోయాం, చప్పట్ల కోసం. చివరికి పెద్ద మనిషే "లేవండమ్మా" అన్నాడు. నన్ను లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

ఇక మీతో పని. ఇద్దరు అమ్మాయిలు తక్కువ. మీ ఇంట్లో ఉంటే ఆదివారం ఎండ ఎక్కక ముందే గ్రౌండ్‌కు పంపండి. ఆట రాకపోయినా నిలబడితే చాలు, మిగతాది నా మనవరాలు చెబుతుంది. జడ గట్టిగా వేయండి, బూట్లు లేకపోతే స్కూలు బూట్లే వేయండి. నేను గేటు దగ్గరే ఉంటాను, నోరు తెరవను. వచ్చేటప్పుడు మార్కెట్‌లో గీతలకు ఒక సంచి పొడి సున్నం తీసుకురండి, తడిది అంటగట్టబోతే వద్దనండి. మీ పిల్లకు ముఖానికి ఒక పాత తువ్వాలు ఇచ్చి పంపండి. వీలైతే ఇంకొన్ని తువ్వాళ్లు సంచిలో వేయండి, పంచె చింపిన ముక్కలైనా సరే. ముళబాగిలు పిల్లలు ఎప్పుడూ మరిచి వస్తారు. వాళ్లకు టీచరే ఇచ్చేది.