మూడు కుర్చీలు

న్యూజెర్సీలో మేముండే చిన్న టౌన్ కౌన్సిల్‌కి ఒక క్లర్క్ ఉండేవాడు. ఏ మీటింగ్‌కైనా జనానికి మూడే కుర్చీలు వేసేవాడు. అడిగితే, "ఎవరొస్తారు సర్?" అని మెత్తగా నవ్వేవాడు. ఆ నవ్వు మీద నాకు మొదట్నుంచీ అనుమానమే.

పిల్లలాడుకునే పార్కు తీసేసి పార్కింగ్ లాట్ చేస్తారని తెలిసి ఇరవై మందిమి మీటింగ్‌కి వెళ్లాం.

"సారీ, ఇంక కుర్చీల్లేవు," అన్నాడు క్లర్క్, ఎంతో నొచ్చుకున్నట్టు.

పార్కు సంగతి అజెండాలో అన్నిటికన్నా చివర పెట్టారు. రెండు గంటలు నిలబడలేక మావాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకెళ్లిపోయారు, కుర్చీలు దొరికినవాళ్లూ వాళ్లతోపాటే వెళ్లారు. మిగిలింది నేనొక్కణ్ణే. నా అభ్యంతరం బుద్ధిగా రాసుకుని, తీర్మానం పాస్ చేసేశారు.

బయటికి పోబోతూ పొరపాటున పక్కగది తలుపు తీశాను. లోపల పైకప్పు దాకా పేర్చిన మడత కుర్చీలు.

"ఎగ్జిట్ ఇటు సర్," అన్నాడు వెనకనుంచి, అదే నవ్వుతో.