ఇస్త్రీ అక్క చేతులు కట్టుకున్న ఆదివారం

వీధిలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. పెద్ద లాండ్రీలో పని. ఎంత మొండి ముడతైనా ఆమె చేతికింద చచ్చినట్టు చదును కావలసిందే. మనిషి కూడా అంతే, ఒకటి పట్టుకుంటే వదిలే రకం కాదు.

అలాంటి మనిషికి ఇంట్లో అత్తగారు కొరకరాని కొయ్య అయింది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినప్పటి నుంచి ముసలావిడ తిండి మీద అలిగింది. రెండు చెంచాల జావ తాగి నోరు బిగించేసేది. మింగడానికి ఇబ్బందేమీ లేదు, తినాలన్న మనసే లేదు, ఇలాగే సాగితే ముక్కులో గొట్టం వేయాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ మాటకి ఇస్త్రీ అక్కకు ఒళ్లు మండింది. గొట్టమా? తను బతికుండగానా?

అత్తగారికి పంది మాంసం రోస్టంటే ప్రాణం. చెయ్యి బాగున్నన్నాళ్లూ తనే చేసేది, కోడలిని ఓవెన్ దరిదాపులకు రానిచ్చేది కాదు. ఇప్పుడు కోడలే కొంగు బిగించింది. చేసిన ప్రతిసారీ మాంసం చెప్పుతోలులా వచ్చింది. బస్సు డ్రైవరైన మొగుడు నమిలి నమిలి దవడ పట్టుకున్నాడు. అత్తగారు నోట్లో పెట్టుకున్న ముక్కను మెల్లగా తీసి కంచం అంచున పెట్టింది. ఇస్త్రీ అక్క వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, మళ్లీ మాంసం కొట్టుకు బయల్దేరింది.

ఈసారి అత్తగారి కుర్చీని వంటింట్లోకే లాక్కొచ్చింది. కొవ్వు పొర ఉన్న భుజం ముక్కకు ముందురోజే ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి ఉంచింది. దాన్ని పెనం మీద వేసింది. సుయ్యిమని పొగ లేవగానే అట్లకాడతో బలంకొద్దీ అదిమింది.

"అది చొక్కా కాదమ్మాయ్," అంది అత్తగారు. "ఎందుకలా నొక్కుతావు? రసమంతా పోతోంది."

ఇస్త్రీ అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిజమే కదా! వేడి మీదున్న దేన్నయినా నొక్కడం ఆమె చేతులకు అలవాటైపోయింది. పెనం మీద నొక్కేది, ఓవెన్లోంచి తీశాక ఉడికిందో లేదోనని మళ్లీ నొక్కేది. తన బుద్ధి మండిపోనూ అని తిట్టుకుని అట్లకాడ అవతల పడేసింది.

అన్ని వైపులా ఎర్రబడ్డాక ముక్కను ఓవెన్లో పెట్టి మంట తగ్గించింది. మధ్యలో తలుపు తీయబోతే అత్తగారు కళ్లతోనే ఆపింది. బయటికి తీశాక చేతులు ఊరుకోక, వాటిని చంకల్లో దోపుకుని నిలబడింది.

"ఇంకా ఎంతసేపు అత్తయ్యా?"

"నేను చెప్పేదాకా. రసం లోపల కుదురుకోవాలి."

చివరికి ముసలావిడ తలూపింది. కత్తి ఆనించగానే ముక్క విడిపోయింది. కోసే పలక మీద చుక్క రసం కారలేదు, అంతా మాంసంలోనే ఉంది. అత్తగారు ఎడమచేత్తో తీసుకుని నమిలింది, మింగింది. ఇంకా కావాలన్నట్టు కంచం మళ్లీ ముందుకు జరిపింది. అది ఖాళీ అయ్యాక వాకిట్లో ఆగిన కొడుకు చెప్పుల చప్పుడు విని గొంతు తగ్గించింది.

"మిగిలింది రేపటికి నాకు దాచు. వాడి కంటపడితే మిగల్చడు."

రేపు అన్న మాట ఆ నోట విని చాలా కాలమైంది. ఇస్త్రీ అక్క కళ్లు తుడుచుకుని, గిన్నె తీసుకెళ్లి ఫ్రిజ్‌లో కూరగాయల కింద దాచేసింది.