అటువైపు ఎద్దు

అక్బెరెత్‌కు ఉన్నది ఒక్క ఎద్దు. ఎరిత్రియాలోని సెనాఫె కొండల్లో ఒంటెద్దు సంసారాలకు కొదవ లేదు. రెండున్నవాడు రైతు, నాలుగున్నవాడు మారాజు. ఒక్కటే ఉన్నవాళ్లు ఇంకో ఒంటెద్దు ఇంటిని వెతుక్కుని, రెంటినీ ఒకే కాడికి కట్టి, ఇవాళ నీ చేను, రేపు నా చేను అని దున్నుకోవాలి. తాతల నాటి నుంచీ వస్తున్న పొత్తు అది. దానికి పత్రం లేదు, సాక్షి సంతకం లేదు, డబ్బు మాట అసలే లేదు. పొత్తులో మాట తప్పినవాణ్ణి పండగనాడు సువా బీరు తాగడానికి కూడా ఎవరూ పిలవరు. అంతకంటే పెద్ద శిక్ష ఆ ఊళ్లలో లేదు.

ఆమె ఎద్దు ఎర్రది. దూడగా ఉన్నప్పుడే తల్లి చనిపోతే, బార్లీ గంజి తాగించి పెంచింది. దాని జోడు నల్లది, వాగు అవతల ఉన్న హద్గుది. ఎర్రోడు కాడికి కుడి పక్క, నల్లోడు ఎడమ పక్క. ఏళ్ల తరబడి అలాగే నడిచి, కాడి లేనప్పుడు కూడా ఆ రెండూ అదే వరసలో నిలబడి మేసేవి. ఎండాకాలం హద్గు ఇంట్లో, వానాకాలం అక్బెరెత్ కొట్టంలో కలిసే ఉండేవి. ఆ దేశంలో ఆడవాళ్లు మేడి పట్టకూడదు. అందుకని దున్నడం రెండు చేలకూ హద్గుదే, కలుపూ కోతా నూర్పిడీ అక్బెరెత్ చూసుకునేది.

హద్గు అంటే ఎవరో దారినపోయే దానయ్య కాదు. ఆమె భర్త గిర్మాయ్‌తో కలిసి మేకలు కాసినవాడు. గిర్మాయ్ ఎరిత్రియా స్వాతంత్ర్య పోరాటంలోకి వెళ్లేనాటికి అక్బెరెత్ నిండు చూలాలు. ప్రభుత్వ విమానాలు వచ్చి ఊళ్లమీద బాంబులు వేస్తున్న రోజుల్లో ఆమెను వాగు దాటించి, తన ఇంటి వెనక కొండ గుహలో దాచి, తన పిల్లల నోటి దగ్గరి రొట్టె తెచ్చి పెట్టాడు. కొడుకు అవెత్ ఆ గుహలోనే పుట్టాడు. అవతలి ఒడ్డున ఉన్న మరియమ్మ గుళ్లో వాణ్ణి ఎత్తుకుని జ్ఞానస్నానం ఇప్పించింది కూడా హద్గే. జ్ఞానతండ్రి అంటే ఆ వైపు కన్నతండ్రి కంటే ఒక మెట్టు పైన. అటూ ఇటూ ఒకటే భాష, ఒకటే ఉపవాసం, ఒకే గుడి గంట. ఆ వాగు ఏదో ఒకరోజు రెండు దేశాల మధ్య గీత అవుతుందని చెబితే మేకలు కూడా నవ్వేవి.

గిర్మాయ్ తిరిగి రాలేదు. ఉత్తరాన నక్ఫా కొండల కందకాల్లో పోయాడని, యుద్ధం ముగిశాక గానీ కబురు రాలేదు. కబురొచ్చిన మరుసటి ఏడు, విడిపోవాలా వద్దా అని ఓట్లు పెట్టారు. ఎరిత్రియా సొంత దేశమైంది. అక్బెరెత్ తెల్లబట్ట కట్టుకుని మొదటి వరసలో నిలబడి ఓటు వేసింది. ఆ సాయంత్రం హద్గు డోలు మెడకు వేసుకుని వాగు దాటి వచ్చాడు.

"నీకు దేశం వచ్చింది చెల్లెమ్మా! మరి నాకు విందేదీ?"

"నీకూ వచ్చినట్టే కదన్నా."

"నాకెక్కడ? నేను వాగు అవతలోణ్ణి. నాకు నీ సువా చాలు, కుండ ఇటు తే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇల్లలకగానే పండగ కాదన్న సంగతి అప్పటికి ఎవరికీ తోచలేదు.

దేశం వచ్చిన చాలాకాలం వరకూ డబ్బు మాత్రం పాతదే, అవతలివాళ్ల బిర్. తర్వాత ఒక నవంబరులో సొంత నోటు వచ్చింది. దానికి నక్ఫా అని పేరు పెట్టారు. పెనిమిటి ప్రాణం పోయిన చోటు పేరు నోటుకు పెడితే ఆడదానికి ఎలా ఉంటుందో ఎవరైనా అడిగారా? అక్బెరెత్ తన దగ్గరున్న బిర్‌లన్నీ సెనాఫె బ్యాంకులో ఇచ్చి కొత్త నోట్లు తీసుకుంది. వాటిని కళ్లకద్దుకుని అక్కడే ఏడ్చింది. నోట్ల మీద రాజూ లేడు, నాయకుడూ లేడు, మామూలు ఆడపిల్లల మొహాలున్నాయి. వంద నోటు వెనక్కి తిప్పితే ఎద్దుల చేత చేను దున్నిస్తున్న రైతులు.

ఆ నోటు తీసుకుని జలంబెస్సా సంతకు వెళ్లింది. పెళ్లయిన నాటి నుంచీ వెళ్తున్న సంత అది, వాగు దాటి ఒక గుట్ట ఎక్కితే చాలు. ఎప్పుడూ తాను గింజలు కొనే ఆవిడ దగ్గరే కూర్చుని, రొట్టెలకు వాడే టాఫ్ ధాన్యం కొలిపించుకుని నోటు చాపింది. ఆవిడ దాన్ని వేలితో కూడా తాకలేదు.

"ఈ బొమ్మల కాగితం మాకు చెల్లదమ్మా. మాకూ కొత్త బిర్‌లొచ్చాయి, అవి ఉంటే ఇయ్యి."

"నిన్నటిదాకా ఒకటే డబ్బు కదా మనది?"

"నిన్నటిదాకా. ఇప్పుడు మీ దేశం మీది, మీ డబ్బు మీది. డాలర్లుంటే ఇచ్చిపో మరి!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. కొలిచిన టాఫ్‌ను ఆవిడ మళ్లీ గోనెలోకి ఒంపేసింది. అక్బెరెత్ ఖాళీ సంచితో హద్గు ఇంటికి వెళ్లి అరుగుమీద కూలబడింది. హద్గు వంద నోటును వెలుతురుకు పట్టి చూశాడు.

"ఓసి నీ! మన ఎర్రోడూ నల్లోడూ నోటెక్కేశారే! ఈ దున్నేవాడు ఎవడో గానీ నా అంత పొడుగు లేడు."

"నవ్వకన్నా. గింజలు కూడా ఇవ్వలేదు."

"సంతవాళ్ల సంగతి వదిలెయ్. బిర్ అనీ నక్ఫా అనీ కొట్టుకు చావనీ. మనిద్దరి మధ్య ఏనాడైనా నోటు నడిచిందా? ఎద్దులే కదా నడిచింది!"

ఆ మాటతో ఆమె కడుపు నిండింది. ఆ మాట పట్టుకునే, కోతలు కాగానే, ఏటేటా పంపినట్టే ఎర్రోణ్ణి నల్లోడితో కలిపి వాగు దాటించింది. ఊళ్లోవాళ్లు వద్దన్నారు.

"రోజులు బాగా లేవు, ఎద్దును మన వైపే ఉంచుకో."

"హద్గును నమ్మకపోతే ఇక నేను దేవుణ్ణి కూడా నమ్మక్కర్లేదు" అంది.

ఈస్టర్ ముందటి ఉపవాసాలు మొదలయ్యేసరికి గుట్ట మీద చెక్‌పోస్టు లేచింది. పశువు దాటాలంటే కాగితం, కాగితానికి సుంకం, సుంకం కట్టడానికి ఏ నోటు చెల్లుతుందో కాపలావాడికే తెలియదు. హద్గు కబురు పంపాడు, పండగ వెళ్లాక తోలుకొస్తానని. పండగ వెళ్లింది. చిన్నవానలు పడి నేల మెత్తబడింది. తొలిసాలు దున్నే సమయం దాటిపోతోంది. కొడుకు అవెత్ సైన్యంలో నిర్బంధ సేవకు వెళ్లి ఉన్నాడు, ఇంట్లో ఇంకో మనిషి లేడు. ఆ చేను ఒక్కటే ఆమె ఏడాది తిండి. అక్బెరెత్ మేకల దారిన వాగు దాటి తానే వెళ్లింది.

కొట్టంలో నల్లోడు ఒక్కడే ఉన్నాడు. ఎడమ పక్కనే నిలబడి ఉన్నాడు, కుడి పక్క ఖాళీ.

హద్గు భార్య మెద్హిన్ ఆమెను చూసి చీర కొంగు లాంటి తెల్ల గుడ్డ మొహం మీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. హద్గు బయటికి వచ్చాడు.

"అమ్మేశాను చెల్లెమ్మా. అదిగ్రాత్ సంతలో."

"అమ్మేశావా?"

"చెక్‌పోస్టువాళ్లు మీవైపు పశువుల్ని పట్టుకుపోతున్నారన్నారు. ఊరికే పోవడం కంటే నాలుగు డబ్బులు రావడం మేలు కదా? నీ మంచికే చేశాను."

"ఎవరికి అమ్మావు? దున్నుకునేవాళ్లకేనా?"

హద్గు నేల చూశాడు. ఈస్టర్‌కు పదిమంది కలిసి ఎద్దును కొని కోసుకుని వాటాలు పంచుకోవడం ఆ వైపు వాడుక. ఆమెకు ఇక అడగవలసిన పని లేకపోయింది.

తెల్ల గుడ్డలో శుభ్రంగా మూటగట్టిన నోట్లు ఆమె చేతిలో పెట్టాడు. అవి పాత బిర్‌లు.

"ఇవి ఇంకా చెల్లుతాయా?" అంది.

"మీ బ్యాంకువాళ్లు ఇంకా మారుస్తున్నారు. నాకు కచ్చితంగా తెలుసు. మరియమ్మ సాక్షి."

ఎర్రోడు పోయాడని దారి పొడుగునా ఏడ్చింది గానీ హద్గును ఒక్క మాట అనలేదు. ఊరివాళ్లు అతన్ని తిడితే వాళ్ల మీదే విరుచుకుపడింది. తర్వాత సెనాఫె వెళ్లి బ్యాంకు కిటికీలో మూట పెట్టింది. లోపలి కుర్రాడు విప్పి చూసి మళ్లీ కట్టేశాడు.

"వీటి గడువు ఎప్పుడో అయిపోయిందమ్మా. ఇక్కడా చెల్లవు, అక్కడా చెల్లవు. మీకు ఇచ్చినవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది."

చెల్లని కాసుకు గీతలెక్కువని ఊరికే అనలేదు. ఆ మూటకు వేసిన ముడి ఎంత అందంగా ఉందో అప్పుడు చూసింది. హద్గు గడువులోగా మార్చుకోలేక తన ఇంట్లో మిగిలిపోయిన చచ్చిన నోట్లన్నీ ఏరి ఆమెకు అంటగట్టాడు. ఎద్దును అమ్మిన కొత్త బిర్‌లు తన దగ్గరే ఉంచుకున్నాడు. గుహలో రొట్టె పెట్టిన చేత్తోనే తడిగుడ్డతో గొంతు కోశాడు.

మే నెలలో పడమటి దిక్కున ఎక్కడో రెండు దేశాల సైన్యాల మధ్య కాల్పులు మొదలయ్యాయని రేడియోలో చెప్పారు. ఆ వారంలోనే అవెత్ ఒక గంట సెలవు మీద వచ్చి నిలబడే ఇంత తిన్నాడు. ఇంటి ముందు నుంచి కనిపించే, వాగుకు ఇవతలి గుట్టను చూపించాడు.

"దాని వెనకే ఉంటున్నాను. ఎవరితోనూ అనకు."

ఆ తర్వాత ఒక పొద్దున వాకిట్లో గిట్టల చప్పుడైంది. నల్లోడు. వానాకాలం వస్తే తన చోటు ఏదో దానికి తెలుసు, గీతలూ చెక్‌పోస్టులూ తెలియవు. వాగు దాటి నేరుగా కొట్టంలోకి వెళ్లి ఎడమ పక్కన నిలబడి, మెడ కుడి పక్కకు తిప్పి వాసన చూసింది. అక్బెరెత్ దాని మెడ పట్టుకుని భోరుమంది. కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని గట్టి పలుపుతో కట్టేసింది.

మధ్యాహ్నానికి హద్గు వచ్చాడు. చిక్కిపోయాడు. ఇంటికొచ్చినవాడు పగవాడైనా కాఫీ పొయ్యకుండా పంపరు. ఆమె నిప్పులు రాజేసి, గింజలు వేయించి, మట్టికూజా పెట్టింది. హద్గు మొదటి కప్పు తాగి కింద పెట్టాడు.

"నల్లోడు ఇటొచ్చాడు చెల్లెమ్మా."

"వచ్చాడు."

"తోలుకుపోతాను."

అక్బెరెత్ లేచి లోపలికి వెళ్లి మూట తెచ్చి అతని ముందు పెట్టింది. కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

"ఇదిగో దాని ధర. కొనేశాను."

"ఇవి ఎక్కడా చెల్లవు కదా!"

"నువ్వే కదా చెల్లుతాయన్నది. మరియమ్మ సాక్షి అన్నావు. ఆవిణ్ణే మార్చిపెట్టమను."

ఆమె రెండో కప్పు పోసింది.

"డబ్బు పోతే పోయింది హద్గూ" అంది. అతన్ని 'అన్నా' అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఒక్కటి చెప్పు. కొట్టంలో రెండెద్దులున్నాయి. నీకు డబ్బే కావాలంటే నీది అమ్ముకోవచ్చు. నాదే ఎందుకు అమ్మావు?"

అతను కప్పును పక్కన పెట్టాడు.

"ఆ రోజు తోలుకుపోతుంటే కాళ్లు రాలేదు" అన్నాడు. "నడవడానికి మనసులో ఏదో ఒకటి అనుకోవాలి కదా. 'ఇది అటువైపు ఎద్దులే' అనుకున్నాను. అనుకున్నాక తేలికైపోయింది."

ఎన్నో అబద్ధాలు చెప్పినవాడు ఇప్పుడు నిజం చెప్పాడు. ఆ నిజం కంటే అబద్ధాలే నయమనిపించింది ఆమెకు. బార్లీ గంజి తాగి పెరిగిన దూడ, అతని చేనులోనే సగం బతుకు దున్నిన ఎద్దు, ఒక మాటతో అటువైపుదైపోయింది.

హద్గు మూట తీసుకోలేదు, ఎద్దునూ అడగలేదు. లేచాడు. మూడో కప్పు దీవెన కప్పు, అది తాగకుండా ఎవరూ లేవరు. అతను లేచాడు, ఆమె ఆపలేదు. రాతి ప్రహరీ దగ్గర వెనక్కి తిరిగాడు. కళ్లల్లో నీళ్లున్నాయి.

"అవెత్ ఎక్కడున్నాడు? పేరు చెప్పి మరియమ్మ గుళ్లో దీపం పెడతాను. ఎక్కడున్నాడో తెలిస్తే ఆ దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టుకుంటాను."

ఆ అడగడంలో కల్లాకపటం లేదు. ఆమెకు తెలుసు. వాణ్ణి పుట్టిన గుహలోంచి ఎత్తుకెళ్లి నీళ్లలో ముంచి దేవుడికి చూపించినవాడు, వాడికి జ్వరం వస్తే తెల్లవార్లూ కూర్చున్నవాడు. అవెత్ ఉన్న గుట్ట అతని వీపు వెనకే ఉంది. చెయ్యెత్తి చూపిస్తే చాలు.

"తెలియదు" అంది అక్బెరెత్. "చాలా దూరం పంపారట."

హద్గు ఆమె మొహంలోకి చూశాడు. అబద్ధమని అతనికి తెలిసిపోయింది. తల ఊపి, వాగు వైపు నడిచాడు. నిప్పుల మీద మూడో కాఫీ పొంగి మాడిపోయింది.

కొడుకు ఎవరితోనూ అనకన్నాడు గానీ, అటువైపు మనిషికి చెప్పకూడదన్న మాట మాత్రం ఎవరూ నేర్పకుండానే తన మనసులోకి వచ్చిందని, ప్రహరీ దగ్గర నిలబడి చాలాసేపటికి తెలుసుకుంది. ఆమె బతికినన్నాళ్లూ చెబుతూనే ఉంది, ఎర్రోణ్ణి అమ్మినందుకు హద్గును ఏనాటికైనా క్షమించేదాన్నేమో గానీ, తన నోట ఆ 'తెలియదు' పలికించినందుకు మాత్రం క్షమించలేనని.