అలిగిన రోజు వచ్చిన బస్సు

మాది బోధన్ అనగానే ఎదుటివాళ్లు అడిగేది ఒక్కటే మాట: "మీ చక్కెర ఫ్యాక్టరీ ఇంకా మూతపడే ఉందా?" పెళ్లికి పోయినా అదే, రైలెక్కినా అదే. పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నా అదే. ఉంది నాయనా, మూతపడే ఉంది. అది తప్ప మా ఊళ్లో ఇంకేమీ లేదా? మా వాడ బతుకమ్మను ఎప్పుడైనా చూశారా అని ఎదురు అడగాలని నోటిదాకా వస్తుంది. అడిగితే వరంగల్ గొప్పలు మొదలుపెడతారు, లేకపోతే హైదరాబాద్‌లో చెరువు కట్ట మీద పెట్టిన లైట్ల గురించి చెప్తారు. అందుకే అడగను. లోపల మాత్రం ఉడుకుతూనే ఉంటుంది.

పోయినేడు హైదరాబాద్ నుంచి టూర్లు నడిపే ఒకాయన ఫోన్ చేసి, "మీ ఊళ్లో బతుకమ్మ చూపిస్తారా మేడమ్?" అని అడిగినప్పుడు నేను టీచరుగా పనిచేసే మోస్రా బడి వరండాలో ఉన్నాను. ఎవరో తెలిసినవాళ్లు నా నంబరు ఇచ్చారట. ఆనందం పట్టలేక ఎంత గట్టిగా "చూపిస్తాం సార్!" అన్నానంటే ఆరో తరగతి పిల్లలు ఎక్కాలు ఆపేసి నా వైపు చూశారు. ఈసారి బాగుందనిపిస్తే ఏటా బస్సు తెస్తానన్నాడు. దూరపు ఊళ్లవాళ్లు మా వాడకు వస్తారు, చూసి పోతారు, బోధన్ పేరు వస్తే ఫ్యాక్టరీ కాకుండా ఇంకో మాట కూడా చెప్తారు. నాకు కావలసింది అంతే.

"సద్దుల రోజు రండి సార్, తొమ్మిదో రోజు. ఊరు ఊరంతా బయటే ఉంటుంది," అన్నాను.

"అప్పటికి బాసరలో రూములు దొరకవు మేడమ్. రద్దీ పెరగకముందే అక్కడ దర్శనం చేయించాలి. దారిలో ఆరో రోజు మీ దగ్గరికి వస్తాం."

"ఆరో రోజు అలిగిన బతుకమ్మ కదా సార్."

"అదే, అదే. రాసుకున్నాను," అని పెట్టేశాడు.

ఏం రాసుకున్నాడో మర్నాడు వాట్సాప్‌లో వచ్చిన కరపత్రం చూస్తే తెలిసింది. బంతిపూల రంగు అక్షరాలతో "మొట్టమొదటిసారిగా బోధన్‌లో అలిగిన బతుకమ్మ ప్రత్యేక దర్శనం" అని వేశాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. బతుకమ్మకు రోజుకో పేరు. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, అట్ల బతుకమ్మ, ఇట్లా ఏ రోజు నైవేద్యాన్ని బట్టి ఆ రోజు పేరు. ఆరో రోజుకు మాత్రం నైవేద్యం లేదు. ఎప్పుడో మాంసం ముద్ద తగిలి బతుకమ్మ అలిగిందంటారు. ఆ రోజు పూలు తేరు, పేర్చరు, ఆడరు. అలక తీరాలని మొక్కుకుని ఊరుకుంటారు. ఆ పెద్దమనిషి ఇదీ ఒక రకం బతుకమ్మ అనుకున్నాడు, బిర్యానీల్లో ఒక రకం లాగా.

వెంటనే ఫోన్ చేసి అంతా విప్పి చెప్పాను. "టికెట్లన్నీ అయిపోయినయి మేడమ్. ఒక్క గంట అడ్జస్ట్ చేయండి," అన్నాడు. అలిగిన దేవతను అడ్జస్ట్ చేయమని నన్ను అడుగుతున్నాడు!

ఇంట్లో మా అత్తమ్మకు చెప్పాను. వాడలో అందరికంటే ఎత్తు బతుకమ్మ పేర్చేది ఆమే. "ఎవలన్న అలిగి మూల కూసున్నోళ్లను లేపి సప్పట్లు కొట్టి ఆడిస్తరా? ఆయినె పెండ్లాం అలిగితె ఊరోళ్లను పిలిచి సూపిస్తడా?" అంది.

వాడ ఆడవాళ్లకు చెప్పడం అంతకంటే కష్టమైంది. బస్సు వస్తోందని అప్పటికే అందరికీ తెలుసు. గునుగు పూలకు ఏ రంగులు అద్దాలో, ఎవరు ఏ చీర కట్టాలో మాట్లాడుకుంటున్నారు. ఎదురింటి అమ్మాయి, పెళ్లయి మా వాడకు వచ్చి ఏడాది కూడా కాలేదు, వచ్చినవాళ్లకు తన చేత్తో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పెడతానని నాతో ముందే చెప్పి పెట్టుకుంది. ఆరో రోజు వస్తున్నారని చెప్పగానే అందరి ముఖాలూ వాడిపోయాయి. కానీ ఆ ఒక్క రోజు ఆడుదామని ఒక్కరు కూడా అనలేదు. నేనూ అడగలేదు.

"పోనీ, మా ఇండ్లకు తీసుకురండి సార్. అరుగుల మీద కూర్చుంటారు, చాయ్ తాగుతారు, అలక అంటే ఏందో మా పెద్దవాళ్లు చెప్తారు," అని చివరి ప్రయత్నంగా ఆయనకు మళ్లీ ఫోన్ చేసి అన్నాను.

"మాట్లాడుకోవడానికి బస్సు ఎందుకు మేడమ్? ప్రోగ్రాం మేమే చూసుకుంటాం," అన్నాడు.

చూసుకున్నాడు. ఆరో రోజు సాయంత్రం బస్సు మా వాడ చివర ఫంక్షన్ హాలు ముందున్న ఖాళీ జాగాలో ఆగింది. ముందు స్పీకర్ డబ్బాలు దిగాయి. వాటి వెనక ఒకే రంగు చీరల్లో హైదరాబాద్ అమ్మాయిలు దిగారు. ఆ తర్వాత ఇద్దరు మనుషులు ఒక థర్మాకోల్ బతుకమ్మను పట్టుకుని దించారు. దాని నిండా ప్లాస్టిక్ పూలు. తంగేడు పువ్వు ప్లాస్టిక్‌లో కూడా దొరుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. బోధన్ నుంచి వర్ని దాకా కాలువ గట్ల మీద తంగేడు విరగబూసి ఉంది. ఆ రోడ్డు మీద బస్సు ఐదు నిమిషాలు ఆపినా నిజం పువ్వు కళ్లతో చూసేవాళ్లు.

స్పీకర్లు మోగాయి. అమ్మాయిలు చక్కగానే ఆడారు, వాళ్ల తప్పేం లేదు. టూరిస్టులూ కలిసి ఆడారు, ఫోటోలు దిగారు, చెమటలు తుడుచుకుంటూ నవ్వారు. మా వాడ ఆడవాళ్లు అరుగుల మీద నిలబడి, సొంత ఊళ్లో పరాయి పెళ్లి చూస్తున్నట్టు చూశారు. నాకు ఒళ్లు మండింది ఎందుకంటే వచ్చినవాళ్లలో ఒక్కరికైనా ఏదో తక్కువైందని అనిపించలేదు. మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన నా దగ్గరికి వచ్చి, "మీ ఊరి పండుగ చాలా ప్రశాంతంగా ఉందండీ," అని మెచ్చుకున్నాడు. ప్రశాంతంగా ఎందుకుండదు, ఊళ్లో ఆ రోజు పండుగే లేకపోతే!

ఆ గుంపులో నుంచి ఒక పెద్దావిడ మాత్రం చప్పుడు భరించలేక చెవులు మూసుకుని మా ఇంటి వైపు నడిచి వచ్చింది. మరాఠీ మనిషి. మా అత్తమ్మ పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దు అవతల ఊరే. "బసా, బసా," అని అరుగు మీద చోటిచ్చి మంచినీళ్లు తెప్పించింది. ఆడవాళ్లందరూ ఇక్కడే నిలబడ్డారేమని ఆవిడ అడిగింది. "ఆజ్ రుసలీ," అంది అత్తమ్మ. ఈ రోజు అలిగింది అని. ఎందుకు అలిగింది, ఎట్లా బతిమాలుతారు, మళ్లీ ఎప్పుడు మాట్లాడుతుంది అని ఆవిడ ఒకటే ప్రశ్నలు. అత్తమ్మ చేతులు తిప్పుకుంటూ చెప్తుంటే పక్కిండ్లవాళ్లు కూడా వచ్చి తలా ఒక మాట కలిపారు. తన చిన్నప్పుడు గౌరమ్మను ఇంటికి తెచ్చి ఎట్లా బుజ్జగించేవాళ్లో ఆవిడ చెప్పింది. ఎదురింటి అమ్మాయి ముఖంలో ఆ సాయంత్రం మొదటిసారి నవ్వు కనబడింది. నేను కోరుకున్నది ఇదే, మా అరుగు మీద, నా కళ్ల ముందు జరుగుతోంది.

అంతలో టూరాయన రొప్పుకుంటూ వచ్చాడు. "అయ్యో అమ్మా, మీరిక్కడ ఉన్నారా! ఇక్కడేం లేదమ్మా, ప్రోగ్రాం అక్కడ," అని చేయి పట్టుకుని లేపాడు. ఆవిడ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయింది. ఇక్కడేం లేదు! మా ఇంటి ముందు, మా అత్తమ్మ ముందు నిలబడి అన్నాడు ఆ మాట.

ఆట అయిపోయాక ఆ థర్మాకోల్ బతుకమ్మకు పాలిథిన్ కవరు చుట్టి బస్సు డిక్కీలో పెట్టారు. "నీళ్లల్ల ఎయ్యరా?" అని ఎదురింటి అమ్మాయి నన్ను అడిగింది. "ఇంకో ఊళ్ల ఆడాలె గదా," అన్నాను.

సద్దుల రోజు వచ్చింది. అత్తమ్మ పేర్చిన బతుకమ్మను లేపడానికి ఇద్దరం పట్టవలసి వచ్చింది. నిజామాబాద్ నుంచి ఆడబిడ్డలు వచ్చారు. గాజుల దుకాణం ఖాలా తన మనుమరాలిని ఎత్తుకుని చూడటానికి వచ్చింది. వాడలో కాలు పెట్టే సందు లేదు. అందరం గుండ్రంగా తిరుగుతున్నప్పుడు నా ఫోన్ మోగింది. చూస్తే టూరాయన. పక్కకు జరిగి ఎత్తాను.

"మేడమ్, అందరూ సూపర్ అంటున్నారు! వచ్చే ఏడు కూడా మీ ఊరికి ఆరో రోజే ఫిక్స్. రోడ్డు ఖాళీ, పార్కింగ్‌కు ఇబ్బంది లేదు, మాకు అదే బాగుంది." కొంచెం ఆగి, "వెనక ఆ చప్పుడు ఏంటి మేడమ్?" అన్నాడు.

"బతుకమ్మ," అన్నాను.

"ఇంకా అయిపోలేదా?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. తిరిగి వచ్చేసరికి ఎదురింటి అమ్మాయి వరుసలో నుంచి బయటకు వచ్చి నా కోసం చూస్తోంది. చెంగుకు పసుపు, చేతుల నిండా మలీద.

"బస్సాయననా అక్కా? వచ్చే ఏడు మళ్ల వస్తరటనా?"

"వస్తరట. మనం ఆడని రోజే వస్తరట."

తన వెనకాల అంత ఎత్తు పూలు, అంత మంది ఆడవాళ్లు. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, "అయితె వాళ్లు అచ్చేది మనల్ని సూడనీకి కాదా అక్కా?" అంది.