మా అరువు ఇంటిపేరు

ఇందులో నేను ఎవరి పేరూ రాయడం లేదు. పేర్ల గురించే రాస్తూ పేర్లు దాచడం ఏమిటని నవ్వేవాళ్లు గోదావరిఖనివాళ్లు అయి ఉండరు. మా దగ్గర చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు రెండేసి పేర్లు ఉంటాయి. ఒకటి కన్నవాళ్లు పెట్టింది, రెండోది బాయి పనిలో రాసుకున్నది. బాయి అంటే మాకు బొగ్గు గని.

మా బాపుదీ అదే కథ. వరసకు ఆయనకు బావ అయ్యే ఒకాయనకు వయసులో ఉన్నప్పుడు గనిలో పని దొరికింది. ఆయన మొదటి రోజు కిందికి దిగి, ఆ చీకటి చూసి, పైకి వచ్చి, చస్తే మళ్లీ దిగనన్నాడు. మర్నాడు ఆయన కాగితాలు పట్టుకుని బాపు దిగాడు. ఇంటిపేరుతో సహా ఆయన పేరే బాపు పేరైపోయింది. బాపుకు చదువు లేదు. పనిలో చేరాక సంతకం నేర్చుకున్నాడు. అంటే ఆయనకు రాయడం వచ్చిన ఒకే ఒక్క మాట ఇంకో మనిషి పేరు. నన్ను బడిలో వేసినప్పుడు కూడా కాగితాలన్నీ కలవాలని అదే ఇంటిపేరు రాయించాడు. ఆయన ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయ్యాక ఆ పేరు మీదే, ఆయన వారసురాలిగా, ఉద్యోగం నాకు వచ్చింది. ల్యాంపు రూములో ఉంటాను. షిఫ్టుకు దిగేవాళ్లకు తలకు పెట్టుకునే దీపాలు ఇస్తాను, ఎక్కి వచ్చాక తీసుకుంటాను.

మా అమ్మాయికి మాత్రం వాళ్ల నాన్న ఇంటిపేరు ఉండేది. దానికి రెండేళ్లప్పుడు ఆయన మమ్మల్ని వదిలి వెళ్లాడు. తర్వాత కోర్టులో విడాకులయ్యాయి, పిల్ల నా దగ్గరే ఉండాలని ఆర్డరు వచ్చింది. ఆయన వెళ్లాడు గాని ఆయన ఇంటిపేరు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒకసారి పిల్లకు జ్వరం ముదిరితే కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ చీటీ రాసే అమ్మాయి రెండు ఆధార్ కార్డులూ పక్కపక్కన పెట్టి, "ఈమెకు మీరేమైతరు?" అని అడిగింది. "పక్కింటామెను" అన్నాను. పాపం ఆ అమ్మాయి దాన్నే రాసుకోబోయింది.

పిల్ల పదో తరగతికి వచ్చిన ఏడు తనే మొదలుపెట్టింది. "అమ్మా, అటెండెన్స్‌ల గా ఇంటిపేరు పిలిస్తే ఎవర్నో పిలిచినట్టుంటది. నీది, నాది ఒక్కటే ఉండాలె." బడికి వెళ్లి అడిగితే అక్కడి సారు నెమ్మదిగా విడమరిచి చెప్పారు. పరీక్షకు పేర్ల జాబితా పోతుందట, దాన్ని నామినల్ రోల్ అంటారు. "అది పొయ్యేలోపల పేరు మారిందని సర్కారు గెజిట్ తెచ్చిస్తే కొత్త పేరు రాస్త, లేకుంటే పాతదే. మెమో మీద పడ్డదంటే ఇగ జన్మంతా గదే." జాబితా పోవడానికి ఎంతో టైము లేదు. పిల్ల తండ్రి సంతకం కూడా కావాలంటారేమో, ఆయన్ని వెతుక్కుంటూ పోయి బతిమాలుకోవాలేమో అన్న భయంతో అప్పటికే నేను రెండు నెలలు పోగొట్టాను. నా పిరికితనానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

బాపునూ పిల్లనూ తీసుకుని కోర్టు దగ్గర వకీలు సాబును కలిశాను. ఆయన ఆర్డరు కాగితం మొత్తం చదివి, "పిల్ల బాధ్యత మీకే ఇచ్చిండ్రు గద. ఇది జత చేస్తే మీ ఒక్కరి సంతకం చాలు" అన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వకీలు సాబును తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

బయట చెట్టు కింద టైపు చేసే అతను అఫిడవిట్ మొదలుపెట్టాడు. "మీ నాయిన పేరు చెప్పున్రి అక్కా." నేను ఒక పేరు చెప్పాను. అదే క్షణంలో పక్కనున్న బాపు ఇంకో పేరు చెప్పాడు. కోర్టు దగ్గర అబద్ధం ఆడకూడదని ఆయన లెక్క. నేను బాపు మోచెయ్యి పట్టుకుని ఆపాను. టైపు అతను మాత్రం తలైనా ఎత్తలేదు. "కంపెనీల పేరా, ఇంట్ల పేరా?" అన్నాడు. తర్వాత తనే, "మా నాయినకు గూడ రెండున్నయి. కాగితాల మీద ఏదుంటే గదే చెప్పున్రి" అన్నాడు.

అప్పుడే నాకు ఒక ఆలోచన వచ్చింది. మార్చుకునేటప్పుడు ఏ ఇంటిపేరైనా పెట్టుకోవచ్చని వకీలు సాబు చెప్పారు. అలాంటప్పుడు ఈ అరువుది ఎందుకు? బాపు అసలు ఇంటిపేరే పెడదాం, మా మూడు తరాల్లో ఒక్కదాని కాగితాలైనా నిజం చెబుతాయి అన్నాను. పిల్ల నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "గది నీ పేరు ముందట లేదు గద అమ్మా. నీది కానిది నాకెందుకు?" నేను నాకున్న ఇంటిపేరే టైపు చేయించాను.

ఇంటికి వచ్చాక బాపు మాట ఎత్తాడు. చెప్పులు విప్పుతూ అన్నాడు: "బావ గా పేరు నాకు ఇచ్చెయ్యలే బిడ్డా, వాడుకొమ్మన్నడు. నేను వాడుకున్న. నీకు గూడ వచ్చింది. ఇప్పుడు పొల్లకు గూడ అంటే ఒక్క మాట అడగాలె."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. ఇన్నేళ్లు గుట్టుగా గడిచిన విషయం. ఆయన కాదంటే? ఊరంతా చెబితే? నీ పింఛను, నా ఉద్యోగం ఏం కావాలి? పేరు మార్పు గురించి పేపర్లో వేయాల్సిన ప్రకటన కాగితం చేతిలో పెట్టుకుని గొంతు చించుకున్నాను. బాపు అంతా విన్నాడు. "అడగక పెడితే దొంగతనమైతది" అని పడుకున్నాడు.

లీవు పెట్టి, నాకు మామ అయ్యే ఆ బావ ఉన్న మందమర్రి వెళ్లాం. ఆ మామ బొగ్గు తవ్వనన్నాడు గాని బొగ్గు ఊరు వదల్లేదు. జీవితమంతా అక్కడి బజారులో కూరగాయలు అమ్మాడు. మమ్మల్ని చూసి సంబరపడి చాయ పెట్టించాడు. బాపు వాన గురించి మాట్లాడాడు, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాడు, అసలు మాట మాత్రం నోట్లోంచి రాలేదు. చివరికి మా అమ్మాయే గ్లాసు కింద పెట్టి, "తాతా, మీ ఇంటిపేరు నేను పెట్టుకుందామనుకుంటున్న. మీరొద్దంటే పెట్టుకోను" అంది.

ఆయన పిల్ల వైపు జరిగాడు. "సదువు కాగితాల మీదనా?" అని అడిగాడు. పిల్ల అవునంది.

"నేను భయపడి ఎక్కొచ్చిన. నా పేరు మీద మా బావ ముప్పయి ఏండ్లు దిగిండు, ఎక్కిండు. ఊకెనే నాగ చేసిండని, డ్యూటీ ఎగ్గొట్టిండని ఒక్కలు గూడ అనలే. గా పేరుకు ఇజ్జత్ తెచ్చింది ఆయన. నన్ను అడిగేదేమున్నది?" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "ఇద్దరు ఆడపిల్లలాయె, పెండ్లిళ్లయి పాయిరి. మన ఇంటిపేరు నాతోనే ఒడుస్తదనుకున్న" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లి బొట్టుపెట్టె, కొత్త డ్రెస్సు గుడ్డ తెచ్చింది. "మా ఇంటిపేరు పెట్టుకున్న పిల్ల వట్టి చేతులతోని పోతదా?" అని పిల్ల నుదుట బొట్టు పెట్టి గుడ్డ ఒళ్లో పెట్టింది. నేను అందరి ముందూ ఏడ్చాను.

తర్వాత పనులు చకచకా జరిగాయి. రెండు పేపర్లలో ప్రకటన పడింది. గెజిట్ వచ్చిన రోజే పరుగున బడికి తీసుకెళ్లాను. జాబితా మర్నాడు పోవాలి. సారు పాత పేరు తీసేసి కొత్తది రాసి, పిల్లనే పిలిచి అక్షరాలు సరిచూసుకోమన్నారు. పిల్ల వేలు పెట్టి ఒక్కో అక్షరం చూసుకుంది.

పరీక్షలయ్యాయి. మెమో చేతికొచ్చిందని బాపు మందమర్రికి ఫోన్ చేసి నాకు ఇచ్చాడు. నేను సంతోషంతో మార్కులు మొదలుపెట్టబోయాను.

"మార్కులు తర్వాత చెప్దువు గని బిడ్డా" అన్నాడు మామ. "ముందుగాల పేరు సదువు."

చదివాను. మొదట ఇంటిపేరు, ఆ తర్వాత మా అమ్మాయి పేరు. అవతల ఆయన ఆ ఇంటిపేరును భార్యకు వినబడేలా ఒకసారి పైకి అన్నాడు.

"ఇగ మార్కులు చెప్పు" అన్నాడు.